ఊరు కట్టిన వారం

"ఇటియ్యి బిడ్డా, ఆ పూలు," అంది అత్తమ్మ.

ఆయన బస్టాండు దగ్గర కొని తెచ్చిన మల్లెదండ నా చేతిలో ఇంకా తడిగానే ఉంది. అద్దం ముందు నిలబడి జడలో తురుముకోబోతున్నదాన్ని, చేయి దించి ఆమె దోసిట్లో పెట్టాను. అత్తమ్మ నడింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

లోపల రత్నమ్మ వదిన రొమ్ములకు ఆ పూలు కట్టి, పైన పాత చీర పేలిక బిగిస్తుంది. పాలు ఇంకిపోవాలని.

ఆసుపత్రికి పోయే దారిలో, బిడ్డ ఎడ్లబండిలోనే పోయింది. పాలు మాత్రం ఆగలేదు.

ఆయన చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. "నీకోసం తెచ్చిన," అన్నారు మెల్లగా.

"తెలుసు. రేపు కూడా తెండి. రెండు మూరలు తెండి."

ఆయన తల ఊపారు. వాళ్ళక్క పడుకున్న గది వైపు మాత్రం చూడలేదు. ఆమెను ఇక్కడికి తెచ్చిన రోజునుంచీ అంతే. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఈయన వీధి వైపు తిరిగి కూర్చుంటారు.

పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో నాకు నచ్చనిదంటూ లేకపోయింది. బొంబాయి రోడ్డు మీద లారీ పోతే అల్మరాలో గ్లాసులు గలగలమనడం నచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ వైపునుంచి గాలి తిరిగితే పెరడంతా పాకం వాసన రావడం నచ్చింది. ఆయన ఆఫీసునుంచి తెచ్చే పొడవాటి కాగితాలు, అంచుల్లో చిల్లులూ మధ్యలో ఆకుపచ్చ చారలూ ఉన్నవి, అత్తమ్మ డబ్బాల కింద పరిచి, "గిది కంప్యూటర్ కాయితం, ముట్టకున్రి," అని వచ్చినవాళ్ళను బెదిరించడం మరీ నచ్చింది.

ఇప్పుడు నా పట్టీలు విప్పి గూట్లో పెట్టేశాను. అవి మోగితే తప్పు చేసినట్టుంటుంది.

మామయ్య డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా గుండీలు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డారు.

"తిన్నదా?"

"ఏం తింటది? రొట్టె ఇరిచింది, గట్లనె పక్కకు వెట్టింది," అంది అత్తమ్మ.

"మాట్లాడిందా?"

"మాట్లాడ్తె నీకు చెప్పకపోదునా?"

ఇక మాట ఎటు పోతుందో నాకు అలవాటైపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి మామయ్య ముందు పెట్టి పక్కకు తప్పుకున్నాను.

"ఏడో నెలల తెద్దామంటె ఇన్నవా?" అత్తమ్మ మొదలుపెట్టింది. "డూటీ, డూటీ అంటివి. ఏడు పోయె, ఎనిమిది వడె. ఎనిమిదో నెల పొలిమేర దాటద్దంటరు. తొమ్మిది వడంగనె నేనే పోయి తెస్తుంటి గద."

"నెలదేమున్నదే! బస్సుంటె ఏ నెలైతేంది?" మామయ్య గొంతు లేచింది. "నేను హలిగేరిల పండుకున్నప్పుడు ఎన్నిమాట్ల లేపిన్రు నన్ను? నొప్పులొచ్చినయని ఒకపారి, పాము కరిచిందని ఒకపారి. బస్సు రేకు మీద చెయ్యితోని కొడితె లేస్తుంటి. న్యాల్‌కల్ దవాఖాన ఎంత దూరం? బీడీ ముట్టిచ్చి పారేసేలోపట దింపుతుంటి."

హలిగేరిది నైట్‌హాల్టు బస్సు, మామయ్య దాని డ్రైవరు. సాయంత్రం ఇక్కడినుంచి వెళ్ళి, రాత్రి ఆ ఊళ్ళోనే ఆగి, తెల్లవారి జనాన్ని ఎక్కించుకుని వస్తుంది. డ్రైవరుకూ కండక్టరుకూ ఊరివాళ్ళు ఇంటింటికీ వంతు వేసుకుని అన్నం పెట్టేవాళ్ళట. ఆ వంతు తిరిగి తిరిగి ఒకరోజు విరూపాక్ష అన్నయ్య వాళ్ళింటికి వచ్చింది. వాళ్ళింట జొన్నరొట్టె, పుంటికూర తిని, ఆ ఇంటి మర్యాద చూసి, మామయ్య రత్నమ్మ వదినను ఆ అన్నయ్యకే ఇచ్చారు.

ఉగాది తర్వాత ఆ బస్సు లేదు.

"ఎవడో చల్లటి రూంల కూసోని తీసేసిండు," అన్నారు మామయ్య.

"గట్లంటవేంది? నీ కొడుకు గా రూంలనె పనిచేస్తడు."

"వీడు లెక్క చెప్పిండు. తీసేసింది మిషిన్. మిషిన్ మాట ఇన్నది పైనోళ్ళు. నా కొడుకుదేమున్నది నడుమ?"

ఆయన వీధి వైపు చూస్తూనే ఉన్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏ బస్సు ఏ ఊరికి ఎప్పుడు పోవాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఏ బస్సు పట్టుకోవాలి అన్నదంతా ఇన్నాళ్ళూ డిపోలో నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసి, చెరిపి, మళ్ళీ రాసి తేల్చేవాళ్ళు. ఇప్పుడది హైదరాబాదులో కంప్యూటర్ తేలుస్తుంది. ఒక వారంపాటు ఏ ట్రిప్పులో ఎంతమంది ఎక్కారో చెబితే చాలు, ఖాళీగా తిరిగే బస్సును పట్టుకుని, జనం ఉన్న దారికి మళ్ళిస్తుంది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళలో ఆయన ఒకరు. మొట్టమొదట మా డిపోలోనే మొదలుపెట్టారు, ఆయన ఈ ఊరివాడని; లెక్కలు తీయడానికి ఆయన్నే ఇక్కడికి పంపారు. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోవాలని తెలిసిన రోజు అత్తమ్మ వాకిట్లో వాళ్ళందరికీ చెప్పుకుంది, "గుడి లెక్కనట!" అని.

"నా బిడ్డ రాత ఎప్పుడూ గంతె," అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తమ్ముని పెండ్లాన్ని కండ్లార చూసుకోను గూడ రాకపాయె. పెండ్లయినంక పదహారు దినాల పండుగకే వాళ్ళ ఊర్ల బొడ్రాయి పండుగ వడె. ఊరు కట్టేస్తిరి. లోపటోళ్ళు బయటికి రావద్దు, బయటోళ్ళు లోపటికి పోవద్దు. బస్సు గూడ పొలిమేర బయటనె పండుకున్నదని, ఒట్టిగ పోయి ఒట్టిగ వచ్చిందని నువ్వే అంటివి గద."

"అంటి," అన్నారు మామయ్య. "వారమంత గంతె."

నా చేతిలో గ్లాసు ఉంది. అది ఎక్కడ పెట్టానో తెలియదు.

ఆ వారం నాకు బాగా గుర్తు. పెళ్ళి తర్వాత నాకు దొరికిన మొదటి సంబరం అదే. ఆయన దీపాలు పెట్టే వేళకల్లా వచ్చేసేవారు. డిపోలో కండక్టర్లు ఇచ్చిన లెక్కలు నేను పైకి చదివేదాన్ని, ఆయన గళ్ళలో నింపేవారు. బీఎస్సీ లెక్కలు చదివిన పెళ్ళాం దొరికిందని మురిసిపోయేవారు. రాయికోడ్‌కు ఇంతమంది, మొగుడంపల్లికి ఇంతమంది అని నేను పాటలా చదువుతుంటే మధ్యలో "హలిగేరి, సున్న," వచ్చింది. మర్నాడూ సున్నే. అది వదిన ఊరని నాకప్పటికి తెలియదు. "ఈ ఊళ్ళో ఉన్నది మనుషులా, దయ్యాలా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.

నేను ఆయన వేలి మీది సిరా మరకను చూసి ముచ్చటపడుతూ కూర్చున్నాను.

*

ఆయన పెరట్లో తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటుంటే వెనక వెళ్ళి నిలబడ్డాను.

"ఒకటి అడుగుతాను. ఆ వారం హలిగేరి నుంచి ఎవరూ ఎక్కకపోవడం బస్సు అక్కరలేక కాదు కదా? ఊరు కట్టేసి ఉంది కదా?"

నీళ్ళు పట్టిన దోసిలి అలాగే ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయేదాకా ఆయన కదల్లేదు.

"జర మెల్లగ," అన్నారు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చదువుతున్నప్పుడే."

"మరి?"

"పక్కన రాయబోయిన. ఈ ఊరికి వేరే వారం లెక్క తీసుకోవాలె అని రాయబోయిన, సుమిత్రా. అప్పుడు అనిపించింది, ఎందుకు అని అడుగుతరు. ఎవరి ఊరు అని అడుగుతరు. మా అక్క ఊరు! నాగప్ప కొడుకు అక్క కోసం బస్సు మిగుల్చుకున్నడంటరు. అన్ని ఊళ్ళకూ ఒకటే వారం, ఎవరికీ మినహాయింపు లేదని మీటింగ్‌ల చెప్పిందే నేను."

"వదిన ఊరు కాకపోతే దిద్దేవారా?"

ఆయన తడి ముఖాన్ని అరచేత్తో తుడుచుకున్నారు.

"దిద్దేవాన్ని," అన్నారు.

నేను తొట్టి అంచు పట్టుకున్నాను. మా మొదటి పోట్లాట ఎలా ఉంటుందోనని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. చీర రంగు మీదో, సినిమా మీదో వస్తుందనీ, ఆయనే ముందు నవ్వేస్తారనీ అనుకునేదాన్ని.

"ఇప్పుడైనా చెప్పండి."

"చెప్తే బిడ్డ వస్తదా?"

"బస్సొస్తుంది."

"నా ఉద్యోగం?"

హైదరాబాదులో రెండు గదుల ఇల్లు చూద్దామనీ, కిటికీకి పచ్చ పరదా కడదామనీ మేమిద్దరం ఎంత మాట్లాడుకున్నామో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడే వాకిట్లోంచి పిలుపు వినిపించింది. "మామా, ఇంట్లనె ఉన్నవా?"

*

విరూపాక్ష అన్నయ్య వచ్చాడు. వెంట హలిగేరి పెద్దమనిషి రేవణసిద్ధప్ప. అతని చేతిలో ఒక కొబ్బరికాయ, కొత్త తువ్వాల.

అన్నయ్య కాళ్ళు కడుక్కుని నేరుగా నడింటి తలుపు దగ్గరికి పోయి బయటే నిలబడ్డాడు. "రత్నా, ఒంట్ల ఎట్లున్నది?" అన్నాడు. లోపలినుంచి చప్పుడు లేదు. "జ్వరం తగ్గిందా?" అన్నాడు. "ఎర్రావు ఈనింది," అన్నాడు. అనగానే ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

రేవణసిద్ధప్ప టీ అందుకుని మా ఆయన వైపు తిరిగాడు. "ఏం మల్లికార్జున్! నీ కంప్యూటర్‌ను ఒకపారి మా ఊరికి తోల్కరా. వంతు నాది. కడుపు నిండ పెడ్త. రొట్టె తింటదా, బువ్వనా?"

ఎవరూ నవ్వలేదు. రేవణసిద్ధప్ప కూడా నవ్వబోయి మానేశాడు.

"నాగన్నా, హైద్రాబాద్ పెద్ద సారు డిపోకు వచ్చిండట. ఊరూర్నించి అర్జీలు తీసుకుంటున్నడట. మేం పోతె ఏమంటరు? 'మీ ఊర్లెకెళ్లి ఒక్క పురుగు ఎక్కలే, కంప్యూటర్ చెప్పింది' అంటరు. కంప్యూటర్‌తోని జగడానికి మాకు నోరు యాడున్నది? మన మల్లికార్జున్ నిలవడితె, గా మిషిన్‌కు తెలిసే భాషల చెప్తడు." గొంతు తగ్గించాడు. "మా చిన్నకోడలికి నెలలు నిండుతున్నయి. పొద్దుగూకితె బండి కట్టి వాకిట్ల పెట్టుకుంటున్నం. వానలు వడ్డయి. వాగుల బండి దిగితె ఏమైతదో రత్నమ్మను చూసినంక..."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. రేవణసిద్ధప్ప మాట మింగేశాడు.

"వస్తడు," అన్నారు మామయ్య. "నా కొడుకే మాట్లాడుతడు. మీరు ముంగట నడువున్రి, నేను తోల్కొని వస్త. ఏం ఫికర్ వెట్టుకోకున్రి."

రేవణసిద్ధప్ప కొబ్బరికాయ మా ఆయన చేతుల్లో పెట్టాడు. అన్నయ్య లేచి కొత్త తువ్వాల ఆయన భుజం మీద కప్పి, "జల్దీ రా బామ్మర్దీ. ఇగ నువ్వే మాకు," అన్నాడు.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా ఆయన ఆ తువ్వాల కిందే బిగుసుకుపోయి నిలబడ్డారు.

"నేను రాను అప్పా," అన్నారు.

"ఏంది?"

"నేను మాట్లాడొద్దు."

"ఎందుకురా? నోరు లేదా? అక్క ఊరు అని సిగ్గా?"

"లెక్క తప్పని చెప్పాలె. తప్పు నాదని చెప్పాలె." ఆయన కొబ్బరికాయను అరుగు మీద పెట్టారు. అది దొర్లి గోడకు తగిలి ఆగింది. "ఊరు కట్టిన వారం లెక్కనే మిషిన్‌కు ఎక్కించిన. నాకు ఎరుకుండె. ఎరుకుండి గూడ దిద్దలె."

అత్తమ్మ చేతిలో చీపురు ఉంది. అది కింద పడలేదు. ఆమె దాన్ని మెల్లగా గోడకు ఆనించింది.

మామయ్య లేచారు. చెయ్యి లేచింది. నా పెళ్ళయినప్పటినుంచీ ఆ మనిషి ఎవరి మీదా గొంతు కూడా గట్టిగా ఎత్తింది లేదు, ఈ బస్సు మాట వచ్చినప్పుడు తప్ప.

"కొట్టు అప్పా," అన్నారు ఆయన. "కానీ ఒకటి చెప్పు. ఈ అవ్వనే జొన్నల మూట నెత్తిన పెట్టుకొని మన సందు ముందట చెయ్యి ఎత్తితె బస్సు ఆపినవా? నేను నీ వెనక సీట్ల కూసున్న. నువ్వు ఆపలె. అవ్వ దుమ్ముల నిలవడి చూస్తుండె. 'ఈడ స్టాప్ లేదు. మనోళ్ళకు ఆపిన నాడు ఖాకీ విడవాలె' అన్నవ్. ఊరంత నిన్ను మెచ్చుకున్నది. నేను గదే నేర్చుకున్న."

"జొన్నల మూట వేరు. బిడ్డ పానం వేరు."

"రాసేటప్పుడు బిడ్డ పానం కనపడలె అప్పా. సున్న కనపడ్డది."

మామయ్య చెయ్యి దిగింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా జేబు తడుముకున్నారు.

అత్తమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. "ఇగ చాలు. ఈ మాట ఈ గోడలు దాటద్దు. అల్లుని చెవిల వడితె నా బిడ్డ కాపురం ఏమైతది? 'నీ తమ్ముడే నా బిడ్డను మింగిండు' అంటడు గద! కొడుకా, నీకు దండం వెడ్త, కడుపు నొప్పని పండుకో. డిపోకు పోకు. బస్సు ఇయ్యాల కాకపోతె రేపు ఇస్తరు. అర్జీలు వెట్టంగ వెట్టంగ వాళ్ళే ఇస్తరు."

"నేను చెప్పకపోతే ఇయ్యరు అవ్వా," అన్నారు ఆయన. "కాయితం మీద సున్న ఉన్నన్ని దినాలు ఇయ్యరు."

"అయితె ఇయ్యకపోనియ్యి!"

"అవ్వా, జర జరుగు."

ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం నాకు తట్టలేదు. నడింటి తలుపు తెరుచుకుని ఉంది. వదిన తలుపుచెక్క పట్టుకుని నిలబడింది. జుట్టు రేగిపోయింది. పెదవులు ఎండిపోయాయి. రవికె ముందు భాగం తడిసి చెంగు దానికి అతుక్కుంది. ఆమె దాన్ని సర్దుకోలేదు.

"తమ్మీ," అంది. "గా సున్న నీ చేతితోనె రాసినవా?"

"రాసిన అక్కా."

"రాసేటప్పుడు నా మొకం యాదికి రాలేదా?"

ఆయన తల ఎత్తారు. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆమె వైపు చూశారు.

"నీ మొకమే వచ్చింది అక్కా. అందుకే దిద్దలె."

వదిన తలుపుచెక్క వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"డిపోకు పా," అంది.

"రత్నా!" అత్తమ్మ గుమ్మానికి చేతులు అడ్డం పెట్టింది. "పచ్చి బాలెంతవు. గడప దాటద్దు."

"బిడ్డ లేంది బాలెంతను ఎట్లైత అవ్వా?"

అత్తమ్మ చేతులు వాటంతట అవే వాలిపోయాయి.

"సుమిత్రా, చెయ్యి వట్టుకో," అంది వదిన. మా పెళ్ళయ్యాక ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆ చెయ్యి మండిపోతోంది. ఇంకా జ్వరం ఉంది.

*

డిపో రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని పెద్ద సారు కూర్చున్నాడు. చుట్టూ పల్లెల జనం. మాకు ఆ బస్సు పోయిందని ఒకరు, ఈ బస్సు పొద్దు మారిందని ఒకరు. సారు మంచి మనిషిలాగే ఉన్నాడు. అందరికీ ఓపికగా ఒకటే చెబుతున్నాడు: "చూడండి, ఇదివరకు ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ళ ఊరికి బస్సు పోయేది. ఇప్పుడు అలా లేదు. యంత్రానికి అందరూ సమానం."

రేవణసిద్ధప్ప మమ్మల్ని చూసి, "వచ్చిండు, మా మనిషి వచ్చిండు," అని దారి చేశాడు. విరూపాక్ష అన్నయ్య వదినను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె ఎందుకొచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

"ఏం మల్లికార్జున్, మీ వైపు ఊరేనట," అన్నాడు సారు నవ్వుతూ. "హలిగేరి నుంచి ఆ వారమంతా ఒక్కరూ ఎక్కలేదు. నీ లెక్కే. ఏమంటావు?"

ఆయన భుజం మీద తువ్వాల అలాగే ఉంది.

"లెక్క తప్పు సార్."

నేనొక్కదాన్నే వినగలిగేంత మెల్లగా వదిన ఊపిరి వదిలింది.

ఆయన చెప్పారు. మిషిన్ భాషలో ఏమీ చెప్పలేదు. బొడ్రాయి పండుగ అన్నారు, ఊరు కట్టడమన్నారు, బస్సు పొలిమేర బయట పడుకుందన్నారు. తనకు అప్పుడే తెలుసన్నారు. అక్క ఊరని దిద్దలేదన్నారు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి పెదవులు తడుపుకున్నారు. నీళ్ళు ఇవ్వాలని అటూ ఇటూ చూశాను, ఎక్కడా కుండ కనిపించలేదు.

సారు ముఖంలో నవ్వు పోయింది. "తెలిసి ఊరుకున్నావా?"

"అవును సార్."

"ఇది నేను ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు. ఒక ఊరు తప్పయితే మిగతా ఊళ్ళ సంగతేమిటని అడుగుతారు నన్ను. జీపెక్కు. ఈ మాట హైదరాబాదులో చెప్పాలి నువ్వు."

"బస్సు, సార్?" అన్నాడు రేవణసిద్ధప్ప.

"అదీ అక్కడే తేలాలి."

అన్నయ్య ఆయన దగ్గరికి వచ్చాడు. మామయ్య ఒక అడుగు ముందుకు వేశారు, కానీ కొట్లాట జరగలేదు. అన్నయ్య ఆ తువ్వాలను ఆయన భుజం మీదినుంచి తీసి, రెండు మడతలు పెట్టి, రేవణసిద్ధప్ప చేతికిచ్చాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

"నీకు ఎప్పుడెరుకైంది?"

"జరసేపైంది."

"పోదాం పా."

"రాను."

"మరి? ఈ మనిషి ఇంట్ల ఉంటవా?"

"ఆడ గూడ ఉండ."

ఆమె నా చెయ్యి వదిలేసింది. తూలుతూ నడిచి, షెడ్డు చివర సిమెంటు బెంచీ మీద కూర్చుంది. అది ఒకప్పుడు హలిగేరి బస్సు ఆగే చోటు. ఇప్పుడక్కడ ఎవరూ నిలబడరు. ఒక ముసలమ్మ అల్లం మూట పెట్టుకుని, వదినను చూసి, మూట పక్కకు జరుపుకుంది.

"ఏం చేస్తవు ఈడ కూసోని?" అన్నాడు అన్నయ్య. కోపం కాదు అది. ఏడుపు.

"బస్సొస్తె ఎక్కుత."

"రాకపోతె?"

"రేపు గూడ కూసుంట. ఆ ఊర్లె బస్సు పండుకుంటెనే నేను పండుకుంట."

సారు ముందు సీట్లో ఎక్కాడు, జీపు స్టార్టయింది. ఆయన వెనక సీట్లోంచి నన్ను వెతికారు. నేను రెండడుగులు అటు వేశాను. ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఆయన పర్సు కూడా తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది, అన్నం తినలేదని కూడా. పరుగెత్తితే అందుతుందేమో. కానీ బెంచీ మీద వదిన పక్కకు ఒరుగుతోంది. నేను వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చుని భుజం ఆన్చాను. జీపు గేటు దాటి హైదరాబాదు వైపు తిరిగింది. నేను చెయ్యి ఊపానో లేదో నాకే గుర్తు లేదు.

అప్పుడు చూశాను, మామయ్య లేరు.

షెడ్డు వెనక ఇంజను చప్పుడైంది. "నాగన్నా! ఓ నాగన్నా! నీ డూటీ అయిపోయింది గద, ఏ బండి అది? ఎవరు చెప్పిన్రు నీకు?" అని గేటు దగ్గర ఎవరో అరుస్తున్నారు. బస్సు ఒకటి బోర్డు లేకుండా మలుపు తిరిగి వచ్చి మా బెంచీ ముందు ఆగింది. కండక్టరు లేడు. లోపల ఒక్క మనిషి లేడు. ఖాకీ చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, తన జీవితంలో డ్యూటీ చార్టులో లేని బస్సు ఒక్కటీ తీయని ఆ మనిషి, స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు.

జనం అంతా ఇటు మూగారు. సారు బల్ల దగ్గరినుంచి డిపో గుమాస్తాలు పరుగెత్తి వస్తున్నారు.

"ఎక్కు బిడ్డా," అన్నారు మామయ్య, ముందుకే చూస్తూ. "హలిగేరి పోతున్నది. ఎక్కు."

రేవణసిద్ధప్ప ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేశాడు. అన్నయ్య వదిన వైపు చూశాడు.

వదిన లేవలేదు.

"ఇయ్యాల నువ్వు తెచ్చినవ్ అప్పా," అంది. "రేపు ఎవరు తెస్తరు?"

మామయ్య చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆయన ఇంజను ఆపలేదు, బస్సును కదిలించనూ లేదు.